ఏ మగ్గం మీద ఏ చీర

మొన్న పామర్రు బస్సులో నా పక్కన కూర్చున్న బట్టల కొట్టావిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, సన్నంచు నూలు చీరలు ఎవరి దగ్గరున్నాయని అడగడం, అది మన కృష్ణా జిల్లా మాటల్లోనే నింపాదిగా జవాబు చెప్పడం విన్నాక, దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా నాకు లేవాలనిపించలేదు. ఆ జవాబు వెనుక మేము పడిన పాట్లు ఆవిడకేం తెలుసు?

లైబ్రరీ ఉద్యోగం నుంచి నేను రిటైరైన కొత్తల్లో, మా అక్క కూతురు భవానీపురంలో ఒక బట్టల కొట్టు మేడమీద చిన్న కంపెనీ పెట్టింది. ఏది అడిగినా ఏఐతో వెతికి తెలుగులోనే జవాబు చెప్పే యాప్ వాళ్లది. ఆ జవాబుల్లో తప్పులు దిద్దడానికి, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు పిన్నీ, వచ్చెయ్" అని నన్ను పిలిచింది. వంటల దగ్గర నుంచి వరి తెగుళ్ల దాకా జనం అడిగేవన్నీ చదువుతుంటే, మళ్లీ లైబ్రరీ బల్ల ముందు కూర్చున్నట్టే ఉండేది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పెద్ద కంపెనీలు అదే పనిని ఉచితంగా ప్రతి ఫోనులోనూ పెట్టేసరికి మమ్మల్ని అడిగేవాళ్లు పలచబడ్డారు. పెట్టుబడి పెడతానని హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి, డబ్బిచ్చిన దుకాణాల పేర్లే జవాబులో ముందు చెప్పించమన్నారు. మా పిల్ల టీ కప్పు ఆయన ముందుకు జరిపి, "మమ్మల్ని నమ్మి అడుగుతున్నారండీ. అలా చెప్పించలేను" అంది. ఆయన మర్యాదగానే లేచి వెళ్లిపోయారు. ఆ నెలాఖరుకు ఉన్న ఇద్దరు ఇంజినీర్లూ వేరే ఉద్యోగాలు చూసుకున్నారు.

అలాంటి రోజుల్లో, కింద కొట్టు నడిపే సాయిబుగారు, సందడి తగ్గిందేమిటని పైకి వచ్చారు. సంగతంతా విని, "వంటా వైద్యం ఎవరైనా చెబుతారమ్మా. నాకు కావాల్సిన చీర ఇప్పుడు ఏ మగ్గం మీదుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు" అన్నారు. మా పిల్ల ఆ మాట పట్టుకుంది. మిగతావన్నీ మానేసి చేనేత బట్టల సంగతొక్కటే చెబుదామంది. అన్ని రకాల ప్రశ్నలు వదులుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు గాని, దారి అదేనని తెలుస్తూనే ఉంది.

అక్కణ్ణుంచి నా పని, నేత పనివారి ఇళ్లకు ఫోన్లు చేసి వివరాలు కనుక్కోవడం. ఏ పెద్ద కంపెనీ దగ్గరా లేనివి ఆ వివరాలే. "మా మగ్గం మీద ఏముంటే మీకెందుకండీ" అన్నవాళ్లే, ఒకరిద్దరి చీరలు మా యాప్ చూసి కొట్లవాళ్లు కొన్నాక, తామే ఫోను చేసి చెప్పసాగారు. తర్వాత కొట్లవాళ్లు నెలనెలా చందా కట్టడం మొదలుపెట్టారు. వెళ్లిపోయిన ఇంజినీర్లలో ఒకమ్మాయి తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ ఫోన్లు కూడా యాపే చేస్తోంది. నాకంటే ఓపికగా అడుగుతుంది, విసుగుండదు, సంతోషమే. అయినా మన ఈడువాళ్లకు తెలుసు, ఒకప్పుడు ఒక్క మాట కనుక్కుందామని వచ్చినవాళ్లు నాలుగు కబుర్లు చెప్పి గాని కదిలేవారు కాదు. నిన్న ఒక నేతావిడ పనిగట్టుకుని నాకే ఫోను చేసి, "మీ మిషను చీర సంగతే అడుగుతోందండీ, మనిషెలా ఉందో అడగట్లేదు" అంది. ఎలా ఉన్నావమ్మా అన్నాను. ఆవిడ మొదలుపెట్టింది. నేను కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చున్నాను.