అగ్గి పెట్టని బొగ్గు లారీ

1982 వేసవి. మహబూబాబాద్ వ్యవసాయ మార్కెట్ కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి ఏడాది దాటింది. ఆ ఊరిని అక్కడివాళ్లంతా మానుకోట అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. మిర్చి సీజన్ ముగిసి, వానలు ఇంకా మొదలుకాని ఆ కొద్ది వారాలు మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. గాలికి మిరప పొట్టు లేచి కళ్లలో పడడం తప్ప అక్కడ జరిగేది ఏమీ ఉండదు. ఆ ఖాళీలో రైతుల కోసం ఒక ప్రదర్శన పెట్టాలని మా సెక్రటరీగారికి ఆలోచన వచ్చింది. కొత్త పంపుసెట్లు, ట్రాక్టర్లు కంపెనీలవాళ్లు ఎలాగూ తెస్తారు. వాటికి ఎదురుగా పాత లారీలు, పాత యంత్రాలు నిలబెడితే జనం తప్పక వస్తారని ఆయన నమ్మకం.

"నీ చేతిరాత మంచిగుంటది, మాట తక్కువ. నువ్వు పోయి అడుగు, వాళ్లే చెప్తరు," అని ఆ పని నాకు అప్పగించారు.

మాట తక్కువన్నది నిజమే. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేది రికార్డు గదిలో, లైబ్రరీ పుస్తకం ముందు పెట్టుకుని. పగలు అనవలసి ఉండి అనలేకపోయిన మాటలు ఇంటికి వచ్చాక డైరీలో రాసుకునేదాన్ని. కొన్ని రోజులు అది రెండు పేజీలు దాటేది.

పాత యంత్రాన్ని వెతికి పట్టుకోవడం కష్టం కాదు. ఎవరి పశువుల కొట్టంలోనో గడ్డి కప్పుకుని ఉంటుంది. దాన్ని కదిలించడమే కష్టం. అంతకంటే కష్టం దాని పక్కన పెట్టే డిస్‌ప్లే బోర్డు రాయడం. ఈ యంత్రం ఎవరిది, ఎప్పటిది, ఏ పని చేసింది అని చూడవచ్చినవాళ్లకు చెప్పే పలక అది. యజమానిని అడిగితే ఎంతకు కొన్నదీ చెబుతాడు. ఏ పని చేసిందో చెప్పాలంటే దానితో పనిచేసిన మనిషి కావాలి.

మా సొంత ఊరు తరిగొప్పుల దగ్గరి నుంచి ఒక ఆయిల్ ఇంజన్ వచ్చింది. బయ్యారం నుంచి ఇనుప చెరుకు గానుగ వచ్చింది. భూపాలపల్లి అడవిలో కలప లాగిన మిలిటరీ లారీ ఒకటి వచ్చింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాడు రోడ్లు బందై, దుంగలతో సహా వారాల తరబడి అడవిలోనే నిలిచిపోయిన సంగతి దాని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు. అయితే సెక్రటరీగారి కన్నంతా గూడూరు పటేల్ వాళ్ల షెడ్డులో ఉన్న బొగ్గు లారీ మీదే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నాడు పెట్రోలు దొరక్క, లారీలను బొగ్గుతో నడిపారు. లారీ వెనక నిలువెత్తు ఇనుప డబ్బా బిగిస్తారు. దాన్ని గ్యాస్ ప్లాంట్ అంటారు. అందులో కట్టెబొగ్గు పోసి, గాలి సరిపడా అందకుండా మండిస్తే ఒక గ్యాసు పుడుతుంది. అది గొట్టం గుండా ఇంజనుకు చేరి బండి నడుస్తుంది. పొద్దున్నే నిప్పు రాజేయడానికి క్లీనరు బ్లోయర్ అనే చేతి పంకాను చెమటలు కారేదాకా తిప్పాలి. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట పీల్చితే మనిషి నిద్రలోనే పోతాడు.

ఆ లారీ నడిపిన యాకూబ్ సాబ్ గూడూరులోనే ఉన్నాడు. షెడ్డు తాళం పటేల్ కొడుకు మాధవరెడ్డిగారు తీయించారు గానీ, యాకూబ్ సాబ్ గడప దాటి లోపలికి రాలేదు. బయటి నుంచే చెయ్యి చాపి, వెనక చక్రం దగ్గర పడి ఉన్న చెక్క దిమ్మె చూపించాడు. ఒక పక్క టైరు ఒత్తుకుని నున్నగా గుంట పడి ఉంది.

"బొగ్గు బండికి దమ్ము తక్కువ బిడ్డా. ఎత్తు వస్తే చాలు, ఎక్కినోళ్లంత దిగి నూకాలె. బ్రేకు సుత అంతంతే. భీమ్లా గా దిమ్మె చేతుల పట్టుకొని చక్రం పొంటి నడిచేటోడు. బండి ఆగంగనే టైరు ఎనక పెట్టేటోడు. అది పడ్డదంటేనే నేను స్టీరింగ్ ఇడిచేది."

"భీమ్లా ఎవరు?"

"నా క్లీనరు." చాపిన చెయ్యి దించి చెప్పాడు. "వానల అడివిల ఆగినం. నేను ఊర్లె పండుకున్న. నిప్పు ఆరితె పొద్దుగాల మల్ల పరేషాన్ అని, నువ్వు బండిలనే పండుకో, నిప్పు సూస్కో అని నేనే చెప్పిన. జల్లు కొడుతుందని క్యాబిన్‌కు తడకలు, గోనెపట్టలు కట్టుకున్నడు. తెల్లారి పోయి లేపితె లేవలే."

ఆ తర్వాత ఆ లారీని ఎవరూ నడపలేదు. అందుకే, యుద్ధం అయ్యాక మిగతా లారీలకు తీసేసినట్టు ఊడదీయకుండా, దాని గ్యాస్ ప్లాంట్ అలాగే మిగిలింది.

"పటేల్ ఒప్పుకుంటె సాలదు," అన్నాడు యాకూబ్ సాబ్. "భీమ్లా పెండ్లాము ఉంది తండల. ఆమె సరే అంటెనే నేను దీని మీద చెయ్యి పెడుత."

మర్నాడు ఇద్దరం తండాకు వెళ్లాం. యాకూబ్ సాబ్ తండా మొదట్లోనే వేపచెట్టు కింద ఆగిపోయాడు. నేనొక్కదాన్నే లోపలికి పోయాను. కేస్లి ఇంటి ముందు కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. అరవైకి దగ్గరపడిన మనిషి. చేతులు ఆగకుండానే నన్ను కిందికీ మీదికీ చూసింది. ఇంట్లోవాళ్లతో తమ భాషలో ఏదో అని, నాతో తెలుగులో మాట్లాడింది.

"గాడ నిలబడ్డది యాకూబన్ననేనా? ఏంది, మా ఇంట్ల నీళ్లు తాగడా?"

పిలిస్తే వచ్చాడు. కూర్చోలేదు. ఆమె చెంబు అందించింది, తాగాడు. నేనే తలవంచుకుని వచ్చిన పని చెప్పాను.

"బండిని సూస్తందుకు జనం వస్తరా?"

"వస్తరవ్వా."

"దున్నదు, పాలియ్యదు. దాన్ని ఏం సూస్తరు?" అని నవ్వింది. నవ్వు ఆగాక ఆకులు సర్దుతూ చెప్పింది. "సూడనియ్యి బిడ్డా. షెడ్డుల తుప్పు వట్టుడు కంటె నయమే. అగ్గి మాత్రం పెట్టకుండ్రి. ఆ డబ్బల అగ్గి లేస్తే నాకు గా దినమే మల్ల తెల్లారినట్టయితది."

"పెట్టం. నేను మాటిస్తున్న."

యాకూబ్ సాబ్ నా వైపు చూశాడు. ఒక చిన్న గుమాస్తా మాటకు ఎంత విలువ ఉంటుందో నాకంటే అతనికే బాగా తెలుసేమో.

తిరిగి వచ్చాక సెక్రటరీగారికి చెప్పాను. ఆయన ఏదో ఫైలు చూస్తూ సరే సరే అన్నారు. ఆ సరే నాకు సరిపోలేదు. లారీని దిమ్మెతో సహా యార్డుకు లాగించుకొచ్చి, బోర్డు మీద యజమాని, సంవత్సరం రాశాక, కింద ఇంకో రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాశాను. "ఈ లారీ క్లీనరు భీమ్లా ఇందులోని గ్యాసు వల్ల నిద్రలో చనిపోయాడు. అతని భార్య కేస్లి కోరిక మేరకు దీనికి నిప్పు పెట్టడం లేదు." పెయింటు ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాను.

ప్రదర్శన రోజు ఎండ ముదరకముందే జనం నిండిపోయారు. పిల్లలు చెరుకు గానుగను వదలలేదు. ముసలివాళ్లు ఒక్కో యంత్రం దగ్గర ఆగి, దానితో పనిచేసినట్టే చేతులు ఆడిస్తూ మనవలకు చెబుతున్నారు. నేను యార్డు షెడ్డు నీడలో నిలబడి చూస్తుంటే మైకులో ప్రకటన వచ్చింది. ఇంకాసేపట్లో బొగ్గు లారీని నిప్పు పెట్టి నడిపి చూపిస్తారట. మాధవరెడ్డిగారు వరంగల్ నుంచి మెకానిక్కును, రెండు బస్తాల కట్టెబొగ్గును వెంటబెట్టుకొచ్చారని అప్పుడే తెలిసింది.

నేను పరుగు లాంటి నడకతో వెళ్లేసరికి ఆయన బోర్డు ముందే నిలబడి ఉన్నారు.

"ఇది నువ్వేనా రాసింది?"

"నేనే సార్."

"మా బండిల మనిషి సచ్చిండని ఊరంతటికి సాటుతున్నవా? తీసెయ్యి."

సెక్రటరీగారు కూడా వచ్చారు. "ఎన్నటి ముచ్చటనో. ఎవరికి గుర్తుంటది? తీసెయ్యమ్మా."

"ఆమెకు గుర్తున్నది సార్," అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. మళ్లీ అన్నాను. "ఆమెకు గుర్తున్నది. అగ్గి పెట్టనియ్యనని నేను మాటిచ్చిన. బోర్డు తీసేస్తే, బండి పక్కన ఏం రాయాల్నో మీరే చెప్పండి. నేను రాస్త."

మెకానిక్కు బస్తా మూతి విప్పాడు. నేను వెళ్లి గ్యాస్ ప్లాంట్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకుంటే ఇనుము చురుక్కుమంది, ఎండకు కాలి ఉంది. ముందు వరుసలో ఉన్న ఒక హమాలీ బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చదవడం అయ్యాక తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. బండి నడపమని అరుస్తున్న పక్కవాళ్లు అతన్ని చూసి మానేశారు.

"ఇడ్సిపెట్టుండ్రి సార్. బండి సూసినం గద, సాలు," అన్నాడు ఆ హమాలీ.

మాధవరెడ్డిగారి ముఖం ఎర్రబడింది. బస్తా మూతి తానే కట్టేసి, పోయి నీడలో కూర్చున్నారు.

తండా నుంచి ట్రాక్టరు వచ్చింది ఆ తర్వాతే. కేస్లి, మరికొందరు ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు, చివరగా యాకూబ్ సాబ్ దిగారు. ఆమె ముందు లారీ దగ్గరికి పోలేదు, బోర్డు దగ్గరికి వచ్చింది.

"ఏం రాసినవ్?"

చదివాను. భీమ్లా పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాలను ముట్టుకోకుండా దూరం నుంచే చాలాసేపు చూసింది.

ఇంతలో తండా ముసలాయన ఒకడు లారీ చుట్టూ తిరిగి వచ్చి, యాకూబ్ సాబ్ ముందు నిలబడ్డాడు. "ఏం యాకూబూ, జనానికి ఇది నడిచేది సూడాల్నట. అగ్గి ఎందుకు? అప్పుడు సుత బొగ్గు తిన్నది బండి, నూకింది మేము."

"నీ భుజం ఇంకున్నదా మరి?"

"నీ కండ్లున్నయా ముందు జెప్పు."

నవ్వులు లేచాయి. యాకూబ్ సాబ్ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. కేస్లి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

మా యార్డులో వే బ్రిడ్జి ఉంది, అంటే లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటా. దాని మీదికి చిన్న ఎత్తు ఉంటుంది. లారీ ముందు మోకు కట్టి హమాలీలు పట్టుకున్నారు. వెనక తండావాళ్లు భుజాలు ఆనించారు. పిల్లలను దూరంగా జరిపాం. యాకూబ్ సాబ్ క్యాబిన్‌లోకి ఎక్కడానికి రెండుసార్లు కాలు పెట్టి తీశాడు. మూడోసారి ఎక్కాడు.

దిమ్మె ఎవరు పట్టుకోవాలో ఎవరూ అనుకోలేదు. మెకానిక్కు వంగబోతే కేస్లి ముందే తీసుకుంది. బరువుగానే ఉంది, నడుం మీద ఆనించుకుని వెనక చక్రం పక్కన నిలబడింది.

లారీ కదిలింది. చప్పుడు ఏమీ లేదు, మోకు కిర్రుమనడం, కాళ్ల కింద కంకర నలగడం తప్ప. ఎత్తు సగందాకా వచ్చి ఆగింది, ఒక అడుగు వెనక్కి జారబోయింది. లోపలి నుంచి యాకూబ్ సాబ్ గట్టిగా కేకేశాడు.

"దిమ్మె పడ్డదా, భీమ్లా?"

అన్నాక అతనికి తెలిసింది. కేస్లి వంగి దిమ్మెను టైరు వెనక పెట్టింది, పాదంతో లోపలికి నెట్టింది. గుంట సరిగ్గా టైరుకు కూర్చుంది.

"పడ్డది," అంది. "దిగు అన్నా."

యాకూబ్ సాబ్ వెంటనే దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. కేస్లి క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి అతను దిగేదాకా ఆగింది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాలని దగ్గరికి పోలేదు కూడా.

సాయంత్రం మాధవరెడ్డిగారు నా దగ్గరికి వచ్చారు. బోర్డు తీయమనలేదు. "యజమాని గూడూరు పటేల్ అని ఒట్టిగ రాసినవ్, మా బాపు పేరు లేదు," అన్నారు. అది నిజమే. బ్రష్ తెచ్చి ఆయన ముందే రాశాను. సెక్రటరీగారు పక్కన నిలబడి, "ఇంక జాగ ఉంటె నా పేరు సుత రాయమ్మా," అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఆయనే కొంచెం నవ్వుకున్నారు.

లారీని గూడూరుకు మళ్లీ తీసుకుపోలేదు. మాధవరెడ్డిగారి ఒప్పుదలతో యార్డు గోడ వారగా నిలబెట్టాం. నేను ఉన్నంతకాలం దిమ్మె టైరు వెనకే ఉంది. ఊడ్చేవాళ్లు దాని చుట్టూ ఊడ్చేవారు గానీ కదిపేవారు కాదు.

ఇప్పుడు జనగామకు బదిలీ మీద వచ్చాను. ఇక్కడ కూడా ఇలాంటి ప్రదర్శన ఒకటి పెట్టాం, ఇంకొకటి పెట్టే ఆలోచన ఉంది. పాత బండి గురించి ఎవరైనా చెప్పగానే అది నడుస్తుందా అని అందరూ అడుగుతారు. నేను అడిగేది అది నడవకూడదని కోరుకునే మనిషి ఎవరైనా ఉన్నారా అని. ఉంటే ముందు ఆ ఇంటికి పోతాను. అక్కడ మాట ఇవ్వవలసి వస్తే, ఇచ్చే ముందు ఒకసారి ఆగి, దాన్ని నిలబెట్టుకోవడానికి నేను ఎక్కడ నిలబడాల్సి వస్తుందో ఆలోచించుకుంటాను. ఆ తర్వాతే ఇస్తాను.

ఆ రోజు డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. తేదీ వేసి, కేస్లి, యాకూబ్ సాబ్ వచ్చారు అని ఒక్క వాక్యం రాసి ఉంది. మిగతా పేజీ ఖాళీ. అనకుండా మిగిలిపోయిన మాట ఆ రోజు నాకు లేదు.