ఆడవాళ్లకో తెర, మగవాళ్లకో తెర

ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు తగిలించడానికి కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. మొత్తం పదిహేడు. స్టూళ్లు రెండు అన్నది పదకొండోది. ఎలుకలు వైర్లు కొరక్కుండా చుట్టడానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు పదహారోది. డిప్లొమా చదివిన మూడేళ్లలో నాకు బాగా అబ్బిన విద్య ఇదే, జాబితా రాయడం. ఆ క్రిస్మస్‌కి మా చర్చిలో జరిగినదానికి కారణం మాత్రం ఆ పదిహేడింటిలో లేదు.

మాది అరకు నుంచి జీపులో గంట దూరం. చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మధ్యలో దారి. పాస్టరు గారి ప్రసంగం ముగిసి ఇళ్లకి చేరేసరికి అన్నం చల్లారిపోయి ఉంటుంది. పాటల పుస్తకాలు ఏడో ఎనిమిదో ఉండేవి, అవీ చెమ్మకి ఉబ్బిపోయి. చదవడం వచ్చినవాళ్లు అంతకంటే కాస్త ఎక్కువ. అందుకని మా దగ్గర పాట అందించే అలవాటు ఉంది. ఒకరు పుస్తకం చూసి ఒక్కో లైను గట్టిగా చెబుతారు, మిగతా అందరూ దాన్ని పాడతారు. ఏం అందించినా సరే, ప్రశ్న వేయకుండా పాడతారు. ఇరవై ఏళ్లుగా అందించేది మా మేనత్త.

ఆ ఏడు కోతల పండగ ఆరాధనలో అత్త రెండుసార్లు తప్పు లైను అందించింది. పంటలకి కృతజ్ఞత చెప్పే పాట మధ్యలో సమాధి దగ్గర పాడే లైను వచ్చింది. అందరూ పాడేశారు కూడా. పాస్టరు గారు వారం తర్వాత నన్ను పిలిచి, విశాఖపట్నంలో పాటలు తెర మీద చూపిస్తున్నారట, మనకీ చెయ్యగలవా అని అడిగారు.

"మీ అత్తకి కాస్త విశ్రాంతి," అన్నారు.

అత్తకి విశ్రాంతి అక్కర్లేదని నాకు తెలుసు. వారమంతా కాఫీ తోటలో మట్టిచీరతో ఉండే మనిషి, ఆదివారం పాట అందించడానికే ఉతికిన చీర కట్టేది. ఆ పని పోతే ఆమెకి ఆదివారమే పోయినట్టు. అయినా ఒప్పుకున్నాను. ఒకే ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు తగిలించే అవకాశం అంతకుముందు నాకెవరూ ఇవ్వలేదు మరి.

మూతపడిన ఒక కంప్యూటర్ సెంటర్ నుంచి రెండు పాత మానిటర్లు దొరికాయి, టీవీ అంత లావున్నవి. దుప్పట్లో చుట్టి జీపెక్కించాను.

"రెండు టీవీలేటి బాబూ!" అన్నాడు డ్రైవరు. "మొగుడికొకటి, పెళ్లానికొకటా?"

"దాదాపు అంతే," అన్నాను.

ల్యాప్‌టాప్ వెనక మానిటర్ తగిలించే చోటు ఒక్కటే ఉంది. రెండోదానికి యూఎస్‌బీలో గుచ్చే చిన్న డబ్బీ విశాఖ నుంచి తెప్పించాను. రెండు తెరల మీదా ఒకటే చూపించడం తేలిక. కానీ మా క్రిస్మస్ పాటలో మగవాళ్లు ఒక చరణం, ఆడవాళ్లు ఒక చరణం పాడతారు. కాబట్టి ఎవరి చరణం వాళ్ల తెర మీదే రావాలని, ఒకటి వెలిగినప్పుడు రెండోది నల్లగా ఉండాలని నిర్ణయించాను. ఇంత చెయ్యమని నన్నెవరూ అడగలేదు.

ముందురోజు మొదటి వరసలో, వేదిక వైపు తిరిగి కూర్చుని సరిచూసుకున్నాను. నా ఎడమకి మగవాళ్ల తెర, కుడికి ఆడవాళ్ల తెర. అంతా సరిగ్గా వచ్చింది. మానిటర్ల నెత్తి మీద 'ఎడమ', 'కుడి' అని స్టిక్కర్లు అంటించాను. అత్త చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏటల్లుడా, ఇవి పాట సెప్తాయా?"

"చెప్పవత్తా, చూపిస్తాయి."

"ముసిలోల్లు ఊపిరందక ఆగితే?"

"నేను మీట నొక్కేదాకా ఇవీ ఆగుతాయి."

"అయితే సెప్పేది నువ్వే, ఇవి కాదు." స్టిక్కర్ని వేలితో తట్టింది. "ఎడం అంటే ఎవుల ఎడంరా?"

"ఎడమంటే ఎడమే అత్తా."

"సదువుకున్నోడివి," అని ఊడవడం మొదలుపెట్టింది.

పండగ పొద్దున నేను వెళ్లేసరికి రంగు కాగితాలు కట్టడం కోసం మానిటర్లని తీసి మూలన పెట్టేశారు. పైగా పాస్టరు గారు, "సంఘానికి వీపు పెట్టి కూర్చోకు, ఇటు తిరుగు," అన్నారు. ల్యాప్‌టాప్ ఉన్న బల్లని వేదిక పక్కకి జరిపి, జనానికి ఎదురుగా కూర్చున్నాను. 'ఎడమ' అన్నదాన్ని నా ఎడమన, 'కుడి' అన్నదాన్ని నా కుడిన పెట్టాను. స్టిక్కర్ ఉన్నది అందుకే కదా. తెరలు జనం వైపు తిరిగి ఉన్నాయి, నాకు వాటి వీపులే కనిపిస్తున్నాయి. ఆరాధన మొదలయ్యేదాకా ముసలమ్మలు వచ్చి వెచ్చబడ్డ ఆ వీపుల దగ్గర చలికి చేతులు కాచుకున్నారు.

అత్త రెండో వరసలో మూసిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇయాల నోరిప్పను. నీ డబ్బాలే ఇప్పుకుంటాయి," అంది.

మొదటి చరణం గొర్రెల కాపరిది. నిప్పు ఆరకుండా చూడు, మేకల్ని కట్టెయ్యి, నేను బిడ్డని చూసొస్తాను అని పెళ్లానికి చెబుతాడు. మీట నొక్కాను. ఆడవాళ్ల వైపు నుంచి లేచింది పాట, చదవడం వచ్చినవాళ్లు ముందు, మిగతావాళ్లు వాళ్ల వెనక. ఆ మాట అనాలని వాళ్లకి ఎన్నేళ్లుగా ఉందో గాని, మొగుళ్ల వైపు తిరిగి మరీ పాడారు.

నాకు అర్థమయ్యేలోపు వేలు అలవాటుగా రెండో మీట నొక్కేసింది. అది మరియమ్మ జోలపాట. మీసాల సంఘ పెద్ద మొదలుకుని మగవాళ్లంతా, నా కడుపున పుట్టిన నాన్నా, పాలు తాగి పడుకో అంటూ ఎంతో భక్తిగా పాడారు.

"ఓలమ్మా, ఈల్లకి పాలెక్కడియే!" అని ఆడవాళ్లలోంచి ఎవరో అన్నారు.

తెరలు మార్చాలని మౌస్ కదిపాను. బాణం గుర్తు ల్యాప్‌టాప్ అంచు దాటి వెళ్లిపోయింది. ఏ తెర మీద ఉందో నాకు కనపడదు. జనం తలలు చూసి పోల్చుకోవలసి వచ్చింది. మగవాళ్ల తలలు మెల్లగా పక్కకి తిరిగాయి, తర్వాత ఆడవాళ్ల తలలు కిందికి దిగాయి. "ఇటొచ్చినాది, ఇటొచ్చినాది!" అని పిల్లలు కేక పెట్టారు. నేను కంగారులో ఏదో నొక్కాను. మగవాళ్ల ముందున్న తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న పడింది. సంఘ పెద్ద తనకి ఇంగ్లీషు వచ్చన్న సంగతి తెలియడానికన్నట్టు, "ఆర్ యూ ష్యూర్?" అని గట్టిగా చదివారు. అందించింది పాడటమే కదా మా అలవాటు. వెనక వరస దాన్ని రాగంలో అందుకుంది.

ఆ తర్వాత రెండు తెరలూ నల్లబడ్డాయి. నేను మీటలన్నీ వరసగా నొక్కుతున్నాను.

అప్పుడు రెండో వరసలోంచి అత్త గొంతు లేచింది. కాపరి చరణం మొదటి లైను, మగవాళ్ల వైపు చూస్తూ. తర్వాత జోలపాట ఆడవాళ్లకి. నాలుగు చరణాలూ మొదటి నుంచి అందించింది. పుస్తకం ఒళ్లో మూసే ఉంది.

భోజనాలయ్యాక ఆమె ఇంటికి వెళ్లాను. "తప్పు చేశానత్తా," అన్నాను.

"ఎవుల ఎడం అని అడిగినాను కదరా." పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఆ పాట నోటికొచ్చు కాబట్టి బతికినాను. కొత్తయి రావు. అచ్చరాలు సీమల్లా పాకేత్తన్నాయి. పాస్టరు గారికి సెప్పకు, ఇంకొకరికిచ్చేత్తారు."

కోతల పండగ రోజు సమాధి పాట ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు పాస్టరు గారికి ఇలా చెప్పాను: అందరికీ చూపిస్తే గందరగోళం, అందించే ఒక్కరికి చూపిస్తే చాలు. ఆయన కూడా జోలపాట పాడినవారే కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు. ఒక మానిటర్ తెచ్చి అత్త ఎదురుగా పెట్టాను. తెరకి మూడే లైన్లు, ఒక్కో అక్షరం అరచేయంత.

"ఇంత అచ్చరమేటిరా, మేకలు కూడా సదివేత్తాయి!" అంది. ఒక కొత్త పాట మొదటి చరణం మొత్తం చదివింది. ఆపకుండా రెండోసారి కూడా చదివింది.

"మరి రెండోది?" అన్నారు పాస్టరు గారు.

"అది మీ ముందరెట్టమనండి," అంది అత్త. "గడియారం బొమ్మెట్టు అల్లుడా. పెద్దది."

తర్వాతి ఆదివారం మా ఊళ్లో అందరూ ఇళ్లకి వెళ్లేసరికి అన్నం ఇంకా వేడిగానే ఉంది.