తాలు కింద పోయిన చుక్కలు

నీళ్లు మరగకుండానే ఆవిరి కావడం గురించి నేను ఏడేళ్లు చదివాను. సూర్యాపేటలో ధాన్యం కమీషన్ దుకాణం నడిపే మా నాన్నకు ఆ ఏడేళ్లూ అదొక వింతే.

"నీళ్లు కాగవెట్టనీకి గిన్నేండ్ల సదువా బిడ్డా? మీ అమ్మ పొయ్యి మీద వెడితే పావుగంటల కాగుతయి గదా!" అని దుకాణానికి వచ్చినవాళ్ల ముందే ఎగతాళి చేసేవాడు.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఇవి మామూలు నీళ్లు కావు నాన్నా, అని మొదలుపెట్టేదాన్ని. గాలి ఒత్తిడికి రెండు వందల ఇరవై రెట్లకు పైగా నొక్కిపట్టి కాస్తే నీళ్లలో బుడగ పుట్టదు. నీరు ఎక్కడ అయిపోయిందో, ఆవిరి ఎక్కడ మొదలైందో చెప్పలేం. రాబోయే అణు రియాక్టర్లను అలాంటి నీళ్లతో చల్లబరచాలని చాలామంది ప్రయత్నిస్తున్నారు. చిక్కల్లా ఒక్కటే. ఒక్కోసారి వేడి గోడ దగ్గరే ఆగిపోతుంది, నీళ్లలోకి పోదు. అప్పుడు ఇంధనం చుట్టూ ఉన్న లోహపు గోడ కాలిపోతుంది. గోడ ఎంత వేడెక్కుతుందో ముందే చెప్పే సూత్రం కావాలి. ఆ సూత్రం కోసమే నా పీహెచ్‌డీ.

నేను పాఠాలు చెప్పే కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో అలాంటి ప్రయోగానికి దిక్కు లేదు. మా ల్యాబులో ఉన్న హీటరు స్నానానికి కూడా పనికిరాదు. అందుకని వేరే దేశాల వాళ్లు గొట్టాల్లో నీళ్లు పారించి రాసుకున్న అంకెలను వాళ్ల పేపర్ల నుంచి ఏరుకునేదాన్ని. రోజూ సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కసీటు వాళ్ల టిఫిన్ మూటల మధ్య ఇదే పని. గ్రాఫులో వాళ్లు కొలిచిన గోడ వేడి ఒక్కోటి ఒక్కో చుక్క, నా సూత్రం ఒక గీత. చుక్కలన్నీ నా గీత చుట్టూ చేరితే సూత్రం నిలిచినట్టు.

చాలావరకు చేరాయి. కొన్ని మాత్రం గీతను వదిలి ఎక్కడో పైన పడ్డాయి. హైదరాబాదులో ఉండే మా గైడు వాటిని చూసి, "ప్రయోగంలో పొరపాట్లయి ఉంటాయమ్మా, తీసెయ్యండి" అన్నారు. నాకు అనుమానమే రాలేదు. తాలు తీయకుండా ధర కట్టని ఇంట్లో పుట్టినదాన్ని. గింజలేని ఆ పొల్లు ఫ్యాను గాలికి ఎగిరిపోతుంటే చిన్నప్పుడు ముచ్చటగా చూసేదాన్ని. వీటినీ అలాగే ఎగరగొట్టాను. గీత ఎంత అందంగా కుదిరిందో! గర్వపడ్డాను కూడా, బుద్ధిలేనిదాన్ని.

నిరుడు వేసవిలో మా అత్తగారి ఊరు మిర్యాలగూడ వెళ్లాను. మా మరిది నడిపే రైస్‌మిల్లులో వడ్లు ఉడికించే బాయిలర్ గొట్టం ఆ పొద్దునే పగిలింది. దగ్గర ఎవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నీళ్లు చూసుకోలేదని మరిది బాయిలర్ ఆపరేటర్‌ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఆపరేటర్ పగిలిన గొట్టం ముక్క తెచ్చి నా చేతికిచ్చాడు. మధ్యలో ఉబ్బి, చీలి ఉంది.

"నీళ్లు తక్కువ గాలే అమ్మా. గేజిల నిండుగనే ఉన్నయి. లోపట సున్నం వట్టి వేడి నీళ్లకు అందలే. నీళ్లుండంగనే పైపు కాలింది. మీరన్నా సేటుకు జెప్పుండ్రి."

చెప్పాను. చెబుతుంటే నేను తీసేసిన చుక్కలు గుర్తొచ్చాయి. నా నీళ్లలో సున్నం ఉండదు, నిజమే. కానీ జబ్బు ఒకటే. ఇంటికి పోయి, తీసేసిన చుక్కలను మళ్లీ తెరిచాను. అన్నీ ఒకే కోవవి. ప్రవాహం తక్కువ, వేడి ఎక్కువ, నీళ్లు పైకి పారే గొట్టాలు. పొరపాట్లు ఇంత వరుసగా జరగవు. వేడి గోడ దగ్గర ఆగిపోయిన చోట్లే అవి. ఏ చోటు కోసమైతే సూత్రం కావాలో, సరిగ్గా ఆ చోటునే నేను తాలు అనుకుని పారబోశాను.

గైడుకు ఫోన్ చేశాను. ఆ చుక్కలు పొరపాట్లు కావని చెప్పాను. "మీ గడువు ఈ నెలాఖరుతో సరి. ఇంకో పొడిగింపు ఇవ్వరు. ఆ చుక్కలు కలిపితే సూత్రం కూలిపోతుంది, ఇక థీసిస్ ఎక్కడిది? సూత్రం పరిమితులు చెప్పే చోట ఒక వాక్యం రాసి ఇచ్చెయ్యండమ్మా" అన్నారు.

రాశాను. "తక్కువ ప్రవాహాల్లో ఈ సూత్రాన్ని పరీక్షించలేదు." అది అబద్ధం. పరీక్షించాను, తప్పింది. కాలిపోయే గోడను నా సూత్రం చల్లగా చూపించింది.

వైవా రోజు ఆ చుక్కలున్న గ్రాఫు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. ఒక్కరు అడిగితే చాలు, తీసి చూపిద్దామనుకున్నాను. పరీక్షకులు పుస్తకాల జాబితాలో అచ్చుతప్పులు పట్టుకున్నారు. తక్కువ ప్రవాహం చుక్కలు ఎందుకు లేవని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పొచ్చు కదా? గ్రాఫును బ్యాగులోంచి తీయలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు, సమోసాలు పంచారు. నాన్న మార్కెట్లో అందరికీ మిఠాయి పెట్టాడు. ఇప్పటికీ ఎవరైనా డాక్టర్ అని పిలిస్తే చచ్చిపోవాలనిపిస్తుంది.

పోయిన నెల వేరే రాష్ట్రం నుంచి ఒక పరిశోధక విద్యార్థి మెయిల్ రాశాడు. తక్కువ ప్రవాహంలో మిగతా సూత్రాలన్నీ గోడ కాలుతుందంటున్నాయట, నాదొక్కటే చల్లగా ఉంటుందని చెప్పిందట, దానివల్లే వాళ్ల రియాక్టర్ డిజైన్ నిలిచిందట. థాంక్స్ చెప్పాడు. వెంటనే జవాబిచ్చాను. అక్కడ వాడొద్దు, అక్కడ అది తప్పుతుంది, అని.

మర్నాడే అడిగాడు: "ఆ మాట ఎక్కడ అచ్చయింది మేడం? రిఫరెన్స్ లేనిదే మా సార్ ఒప్పుకోరు. మీ థీసిస్‌లో పరీక్షించలేదని మాత్రమే ఉంది."

ఎక్కడా అచ్చు కాలేదు. అచ్చు కావాల్సింది నా థీసిస్‌లోనే. కావాలనే దాచానని రాయడానికి ఎన్నోసార్లు కూర్చున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది, నాన్న పంచిన మిఠాయి గుర్తొచ్చింది, రాయలేకపోయాను. వారం చూసి అతనే మళ్లీ రాశాడు: "అచ్చులో ఉన్నదాన్నే తీసుకుంటున్నాం మేడం. మీ సూత్రమే వాడుతున్నాం."