స్ప్రింగు మెత్తగా పెట్టే మనిషి

మా మామ పోయారన్న కబురు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆస్పత్రి గేటు బయటే రోజులు గడిపిన మా ఆయన ఫోన్ చేసి, "నాన్న పోయిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను సూరత్ వడోద్‌లో మా ఇంట్లో అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆమె నా మొహం చూసింది. చాట పక్కకి జరిపింది. కరోనా రెండో విడత సూరత్‌ని ఊపేస్తున్న రోజులవి. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు, చివరిచూపు మాకెవరికీ దక్కలేదు. ఆ బాధ ఇంకా తీరలేదు, తీరుతుందని కూడా అనుకోను.

ఇది చదువుతున్న మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన లారీల టర్బోలు విప్పి బాగుచేసే షాపు ఒకటుంది. దాని ముందు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, రంగేసిన మీసంతో నిలబడే పెద్దమనిషి, ఆయనే. గ్రీజు పనిలో తెల్ల చొక్కా ఏమిటని ఎవరైనా అడిగితే, "మరక పడిందంటే పనిల తొందర పడ్డట్టే" అనేవారు. నిజానికి ఆయనకి సోకు ఎక్కువ. ఆ మాట అత్త ఆయన మొహం మీదే అనేది. ఆయన మీసం సవరించుకునేవారు.

ఉత్తర తెలంగాణ నుంచి కుర్రవయసులో వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద చేరారు. ఆ మోతలో చెవులు సగం పోయాయి. తర్వాత లారీ మెకానిక్కుల దగ్గర పని నేర్చుకుని టర్బోల్లోకి దిగారు. చెవులు సగమే కాబట్టి ఇంజిన్ చెప్పేదేదో వేళ్లతో వినేవారు. నడుస్తున్న ఇంజిన్ మీద ఏదో ఒక పైపు పట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేవారు. ఎక్కడ గాలి పోతోందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేవారు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవారు. తప్పిన సందర్భాల కబుర్లు మాత్రం షాపు గడప దాటేవి కావు.

నేను ఇదే ఊళ్లో అడాజన్‌లో, బ్యాంకు ఉద్యోగి కూతురిగా పెరిగాను. పెళ్లైన కొత్తలో ఆయన్ని "మామగారూ" అన్నాను. "గారు గీరు అంటె నేను గూడ బ్యాంకుల కూసున్నట్టుంటది బిడ్డా. మామా అను, చాలు" అన్నారు. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన్ని కారులో షాపుకి తీసుకెళ్లాను. దారి పొడవునా నోరు విప్పలేదు. ఏం తప్పు నడిపానో అని నాకు గుబులు పట్టుకుంది. దిగాక మా ఆయనతో అన్నారు కదా, "నీ పెండ్లాం కాలు మంచిదిరా. గేరు మారినట్టు నాకు తెల్వనే లేదు" అని. కొత్త కోడలి చేతి వంట మెచ్చుకున్న మామల్ని చూశాను గానీ, కాలు మెచ్చుకున్న మామ గురించి నేనెక్కడా వినలేదు.

అప్పటికే షాపు వెనక ఒక పాత కారుకి టర్బో బిగించి డ్రాగ్ రేసుకి తయారు చేస్తున్నారు. డ్రాగ్ రేసులో మలుపులుండవు. తిన్నటి రోడ్డు మీద పావు మైలు. దీపం పచ్చబడగానే రెండు కార్లు బయల్దేరతాయి, ముందు చేరినవాడు గెలిచినట్టు. నడపాల్సింది మా ఆయన. పాపం ఆయనకి వేగమంటే పడదు. "కోడలుంది గదా" అన్నారు మామ, అదేదో కూరగాయలు తేవడానికన్నట్టు.

అత్త వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "కోడల్ని పొయ్యి కాడ కూసోబెడ్తరు గని, గిట్ల పెట్రోలు పొయ్యి మీద కూసోబెడ్తరా ఎవలన్న?"

"నడిపేది ఆమె. మంట నా చేతుల ఉంటది" అన్నారు మామ.

ఆ ఒక్క మాట మీద అత్త ఒప్పుకుంది. ఆ మాట ఆయన ఎంత లోతుగా అన్నారో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఆ మంట సంగతి మీకూ చెప్పాలి, లేకపోతే ఆయన పని మీకు తెలియదు. టర్బో తిరిగేది ఇంజిన్ వదిలే పొగ బలంతో. అది తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెంచుతాం, బలం పెరుగుతుంది, పొగా పెరుగుతుంది. ఆ పొగకి టర్బో ఇంకా జోరందుకుంటుంది. అడ్డేదీ లేకపోతే ఇంజిన్ పగిలేదాకా ఇదే వరస. ఆ అడ్డు పేరే వేస్ట్‌గేట్. పొగ దారిలో చిన్న తలుపు, దాన్ని మూసిపట్టే ఒక స్ప్రింగు. టర్బో కుక్కే గాలి ఒత్తిడిని బూస్టు అంటాం. అందులో కాస్త సన్న పైపులో వచ్చి ఆ తలుపుని తెరవాలని కింద నుంచి తోస్తుంది. బూస్టు స్ప్రింగుని గెలవగానే తలుపు తెరుచుకుని కొంత పొగ టర్బోని తాకకుండా పక్కదారిన పోతుంది. బూస్టు ఇక పెరగదు.

"అంటే కుక్కర్ విజిల్ లాంటిదే కదా మామా" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"కాదు బిడ్డా. విజిలు ఆవిరిని బయటికి ఇడుస్తది. గిది ఆవిరి జోలికే పోదు. పోయి పొయ్యి మంట తగ్గిస్తది."

ఇంకా బూస్టు కావాలంటే ఆ గాలినే కొద్దికొద్దిగా తలుపు పై వైపుకి కూడా పంపుతారు. అప్పుడు స్ప్రింగుకి తోడు దొరికి తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎప్పుడు ఎంత పంపాలో చూసుకునే పెట్టెని బూస్ట్ కంట్రోలర్ అంటారు. పెంచమంటే పెట్టె పెంచుతుంది. స్ప్రింగు ఇచ్చేదాని కంటే తగ్గించమంటే దాని తరం కాదు. రేసు కుర్రాళ్లు వచ్చి గట్టి స్ప్రింగు వెయ్యి కాకా అని వెంటపడేవారు. ఈయన మెత్తటిదే వేసేవారు. "బయల్దేరంగ టైరుకు పట్టు దొరకది. అప్పుడే బూస్టంత గుమ్మరిస్తే చక్రం ఉన్నకాడనే తిరుగుతది. పొగ జూసి జనం సప్పట్లు కొడ్తరు, పక్క కారు పోతది. మొదటి గేర్ల స్ప్రింగు చాలు. రెండో దాన్ల జర. మూడో దాన్ల ఇంకింత. రోడ్డు అడిగినంతనే ఇయ్యాలె." నాకు కోపం వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరితోనైనా మాటా మాటా పెరిగినప్పుడు, ఆ చివరి మాటే గుర్తొచ్చి నోరు అదుపులో పెట్టుకున్న రోజులున్నాయి. అన్నిసార్లూ కాదులెండి.

ఆయనకో పద్ధతి ఉండేది. వేస్ట్‌గేట్ విప్పి బిగించినప్పుడల్లా మొదటి పరుగు ఒట్టి స్ప్రింగు మీదే. పెట్టె ఆపేసి, పై వైపు ఖాళీగా వదిలి, కింద ఒక్క పైపే పెట్టేవారు. బూస్టు మీటరులో ముల్లు ఎక్కడిదాకా పోవచ్చో ఆ మీటరు అద్దం మీద ఎర్ర టేపు ముక్క అంటించేవారు. "ముల్లు దాన్ని దాటితే ఆలోచన జెయ్యకు. కాలు తియ్యి, అంతే."

మొదటి లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయి షాపు మూతపడింది. మగ్గాల వాళ్లు ఊళ్లకి వెళ్లిపోయి వడోద్ గల్లీలు బోసిపోయాయి. ఆయన మాత్రం ఇంట్లోనే వేస్ట్‌గేట్ మంచం మీద పెట్టుకుని కూర్చునేవారు. దీపావళి దాటాక, కామ్‌రేజ్ అవతల ఇంకా ఇళ్లు కట్టని ఒక లేఅవుట్ రోడ్డు మీద యజమానిని అడిగి కారు దించాం. స్ప్రింగు పరుగు కాబట్టి ఎవరికీ భయం లేదు. రెండో గేరులో ముల్లు టేపుని దాటింది. దాటి ఆగలేదు. నేను కాలు తీసేలోపే ఇంజిన్‌లో ఏదో తట్టిన చప్పుడు, వెనక తెల్లటి పొగ. కారు ఆపి కూర్చున్నాను.

మామ పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందు నన్ను చూశారు, తర్వాత బానెట్ ఎత్తారు. వేలితో సన్న పైపు వెంట వెతుక్కుంటూ వెళ్లి ఆగిపోయారు. కింద పెట్టాల్సిన పైపు పైన ఉంది. తలుపుని తెరవాల్సిన గాలి, తలుపుని గట్టిగా మూసిపట్టింది. ఇక అది ఎప్పుడు తెరుచుకోవాలి? మాస్కులోంచి వచ్చే ఊపిరికి కళ్లద్దాలు మసకబారి, పైపులు పట్టే రెండు మూతుల్లో ఏది ఏదో తెలియక బిగించేశారు. ఆ మాట మా ఆయనే అన్నాడు, నాన్నని వెనకేసుకొస్తూ.

"మాస్కు అందరికుందిరా" అన్నారు మామ. అక్కడున్న రేసు కుర్రాళ్ల వైపు తిరిగి, "తప్పు నాది. పైపు తారుమారు వెట్టిన. యాది పెట్టుకోండ్రి, మీరు గూడ పెడ్తరు" అన్నారు. అంత సోకు మనిషి, పేరున్న మనిషి, తన వయసులో సగం లేనివాళ్ల ముందు ఆ మాట అనడం నేను చూశాను. అందుకే ఆయనంటే నాకు ఇంత గౌరవం.

పోయింది ఇంజిన్ అతుకు మధ్య ఉండే గ్యాస్కెట్టే, ఇంజిన్ బతికింది. మర్నాడే లేత్ ముందు కూర్చుని, వేస్ట్‌గేట్ రెండు మూతుల్నీ రెండు సైజుల్లో చేశారు. ఒకదాని పైపు ఇంకోదానికి పట్టదు. "మనిషి మర్చిపోతడు బిడ్డా. పైపు మర్చిపోవద్దు." అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆ కారు మీద చెయ్యి వెయ్యడం మానేశారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మా ఆయనకి చెప్పి చేయించేవారు. లారీల టర్బోలు మామూలుగానే విప్పేవారు, మా కారు దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి పోయేవి. నేనడిగితే, "మంట నా చేతుల ఉంటది అన్న మీ అత్తకు. ఉన్నదా?" అన్నారు. మా ఆయన శ్రద్ధగానే చేసేవాడు గానీ బూస్టు ఎక్కుతూ దిగుతూ ఉండేది, కారు మొద్దుగా పోయేది. నాకు రేసు మీద కూడా మనసు పోయింది. ఆ చేతులు మళ్లీ ముందుకి రావాలి, అదొక్కటే కావాలి.

మరుసటి ఏడు మొదట్లో, కరోనా కాస్త తగ్గినట్టే తగ్గిన రోజుల్లో, ఒక ప్రైవేటు రన్‌వే మీద రేసు పెట్టారు. అత్త కూడా వచ్చింది, మొదటిసారి. స్ప్రింగు పరుగు బాగానే అయింది. ఇప్పుడు పై పైపు తగిలించి బూస్టు పెంచాలి. మా ఆయన పైపు పట్టుకుని వచ్చాడు. నేను బెల్టులు బిగించుకుని కూర్చున్నదాన్ని ఇంజిన్ ఆపేశాను.

"మామ పెట్టాలి" అన్నాను.

"వాడు బరాబర్ పెడ్తడు బిడ్డా."

"మీరు పెడితేనే పోతాను. లేకపోతే ఇంటికి పోదాం."

బయల్దేరే గీత దగ్గర్నుంచి రేసు వాళ్ల మనిషి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. మామ కదల్లేదు. మాస్కు పైన కళ్లద్దాలు అప్పుడూ మసకగానే ఉన్నాయి. అత్త వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి, కొంగుతో రెండు వైపులా తుడిచి, మళ్లీ పెట్టింది.

"ఇప్పుడు సాఫ్ కనబడ్తుందా?"

"కనబడ్తుంది."

"ఇంకేంది మరి? పెట్టు."

ఆయన వంగారు. పైపుని ముందు తప్పు మూతికే పెట్టి చూశారు, పట్టలేదు. సరైన దానికి పెట్టి బిగించారు. ఇంజిన్ వేయమని సైగ చేసి, పైపు మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. తర్వాత బానెట్ దించి కారు మీద ఒక్కటి తట్టారు.

మొదటి గేరులో టైర్లు నేలని పట్టుకున్నాయి. రెండో గేరులో బూస్టు వచ్చింది. మూడో గేరులో ముల్లు, ఈ పరుగుకని పైకి జరిపి అంటించిన టేపు దాకా లేచి, ఇంక కదలకుండా నిలబడింది. పక్క కారు నాకంటే ముందే చేరింది, అబద్ధమెందుకు? మా కారు మాత్రం పుట్టి బుద్ధెరిగాక అంత జోరుగా ఎప్పుడూ పోలేదు. తిరుగుదారిలో నేను ఏడుస్తూ నడిపాను.

ఇంటికి వస్తూ సాయంత్రం హైవే మీద ఒక హోటల్లో ఆగాం. అందరం వెళ్లి చేతులు కడుక్కున్నాం, మామ కడుక్కోలేదు. మా కారుని ముట్టిన కుడిచేతి వేళ్లన్నీ నల్లగా మసి. అత్త సబ్బు చూపిస్తే తల అడ్డంగా ఊపారు. కరోనా వచ్చిన దగ్గర్నుంచీ గుమ్మం దాటినా సబ్బునీళ్లతో వెంటపడిన ఆమే, ఈసారి సబ్బు పక్కన పెట్టేసింది. రొట్టె తుంచి, పప్పులో అద్ది, అందరూ చూస్తుండగానే ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆ నల్లటి చేతిని తడి గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలాగా దేనికీ తగలకుండా ఎత్తిపట్టుకుని, నోరు తెరిచారు.