మగపులికి సీమంతం

అరచేతుల కింద గరుకు రాళ్లు గుచ్చుకున్నాయంటే నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. నల్లమలలో పులులు తిరిగే దారి పక్కన చెట్టుకు కెమెరా కట్టాక, పులి ఎత్తులో ఫొటో పడుతుందో లేదో చూడాలి. అందుకు ఎవరో ఒకరు దాని ముందు చేతులూ మోకాళ్ల మీద నడవాలి. ఈ ఉదయం ఆ పని నేనే చేశాను. మోకాళ్లు ఇంకా మండుతున్నాయి.

మేడమ్ ఉన్న రోజుల్లో ఆ వంతు ఇంకెవరికీ దక్కేది కాదు. కోడుమూరు రైతుల ఇంటి ఆడబిడ్డ, మా పరిశోధన బృందానికి పెద్ద. పాకుతూ పాకుతూ మధ్యలో ఆగి, కెమెరా వైపు తిరిగి లేని మీసం మెలేసేవారు. మా కెమెరాల మెమరీ కార్డులన్నిటిలోనూ మొదటి పులి ఆవిడే. మేం పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, నవ్వింది చాల్లే, బ్యాటరీలు చూడండని కసిరేవారు.

ఒక వేసవిలో ఆ సరదా ఆగిపోయింది. కూనగా ఉన్నప్పటినుంచీ ఆవిడ చూస్తూ వచ్చిన ఒక ఆడపులి, శివరాత్రి తర్వాత ఏ కెమెరాకూ చిక్కలేదు. ఉచ్చులో పడిందేమో, ఎవరైనా విషం పెట్టారేమో అని అందరికీ లోపల భయమే. వానలు మొదలైతే మా పని ఆగిపోతుంది. ఆలోగా కనపడకపోతే ఇక అది లేదనుకోవాల్సిందే. మేడమ్‌కు అన్నం సహించేది కాదు.

అప్పుడు ఒక ఫొటో దొరికింది. ఎదురెదురుగా కట్టిన రెండు కెమెరాల్లో ఒకదాన్ని ఎలుగుబంటి పీకి పారేసింది. రెండోదాంట్లో మసకమసకగా నడుమూ పొట్టా మాత్రమే పడ్డాయి. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు కదా, ఆ కాసిని చారలు చూసే నేను ఎగిరి గంతేశాను. మనదే మేడమ్, పైగా కడుపుతో ఉంది అన్నాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"నీకు కావాలని ఉండాది కాబట్టి అట్ల కనపడతాండాది. నాకూ అంతే. అందుకే దీన్ని నమ్మొద్దు."

నాకు ఒళ్లు మండింది. సంతోషించడానికి ఒక్కటి దొరికితే దాన్నీ లాగేసుకుంటారేమిటని రెండ్రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. కెమెరాలు మళ్లీ కట్టాం.

తర్వాతి కార్డు తీసి, జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి చూశాం. అవే చారలతో, నేను చూసి గంతులేసిన పులి ఈసారి నిండుగా కనిపించింది. ఎక్కడినుంచో కొత్తగా వచ్చిన మగపులి, బాగా తిని పొట్ట పెంచింది. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ మాత్రం పకాలున నవ్వేశారు.

"మగపులికి సీమంతం జేస్తివి గదప్పా."

ఆ వేసవిలో ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వుతూ ఫొటోలు జరుపుతున్న వేలు టక్కున ఆగింది. ఒక ఆడపులి, దాని వెనకాలే రెండు కూనలు. నేను ఈసారి నోరెత్తలేదు. ఆవిడ పాత ఫొటో పక్కన పెట్టుకుని, భుజం నుంచి తోక దాకా ఒక్కో చారా సరిచూశారు. అయ్యాక మళ్లీ మొదటినుంచి చూశారు. అప్పుడు, "మన పిల్లేనప్పా. తల్లయింది," అంటూ అక్కడే మట్టిలో కూలబడి, ఏడుస్తూ నవ్వారు. మా అందరిదీ అదే పరిస్థితి.

ఇప్పుడు బృందాన్ని నేను నడుపుతున్నాను. ఏదైనా నిజమైతే బాగుండునని మరీ గట్టిగా అనిపించిందంటే చాలు, రెండోసారి చూస్తాను. అది ఆవిడ నేర్పిందే. ఆ రోజు మాత్రం ఆవిడ కన్నీళ్లు తుడుచుకుని లేచి, ఆ ఫొటోను మూడోసారి కూడా చూశారు. ఆ చూడటం ఒట్టి సంతోషానికే.