పత్తి చేలో విమానానికి పూజ

మా తమ్ముడు శీను ఫోన్ చేసి, "అక్కా, విమానం పడ్డది. చెయ్యొక్కటే ఇరిగింది" అన్నాడు. బతికున్నాడని తెలిశాక తిట్టాల్సినవన్నీ తిట్టి, మర్నాడు పొద్దున ఏడింటికి ఖమ్మంలో చండ్రుగొండ బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి.

పక్క సీటావిడ ఒళ్ళో కొబ్బరికాయ ఉంది. "ఇమానం కాడికేనా? మేం గూడ గాడికే. గంత పైకెళ్ళి పడ్డా ఎవలూ సావలేదంట, మస్తు మహిమ గలది" అంది. నడిపింది మా తమ్ముడేనని చెప్పలేదు. చెబితే వాడి కాళ్ళకూ మొక్కేట్టుంది.

చండ్రుగొండలో దిగి రెండు ఇడ్లీలు తిని (చట్నీ జోలికి వెళ్ళకండి), షేర్ ఆటోలో అడవి అంచు దాకా వెళ్ళాను. రాత్రంతా కొత్తగూడెం దవాఖానాలో ఉన్న శీను, కట్టు కట్టిన చేత్తో అప్పుడే వచ్చి చేను గట్టు మీద నిలబడ్డాడు. ఓ వ్యాపారి సొంత విమానమది, ఇద్దరు పట్టేది. వీడొక్కడే నడుపుతుంటే స్పీడు మీటరు సున్నా దగ్గర కూర్చుందట. వేగమెంతో తెలియక పత్తి చేలో కూలేశాడు.

"తప్పు నాదేనంటున్నడక్కా ఓనరు. లైసెన్సు పోతది. రెక్క కింద సన్న గొట్టం ఉంటది, దాంట్ల గాలి పోతెనే మీటరు తిరుగుతది. లోపలెక్కడనో జామయ్యుంటది. ఎంక్వైరీకొచ్చే ఆఫీసర్లు అది చూస్తే నేను బతికిపోత" అన్నాడు.

చేలోకి వెళ్ళి చూస్తే విమానం దసరా నాటి ట్రాక్టరులా మెరుస్తోంది! ముక్కుకు బంతిపూల దండ, రెక్కలకు పసుపు కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ. కాపలా కానిస్టేబులు కొబ్బరి ముక్క నములుతున్నాడు.

చేను రైతు ముత్తయ్య సంబరంగా ఎదురొచ్చాడు. "రా సారూ! మా చేన్ల దిగిన బండిని గట్ల మట్టితోటి ఉంచుతమా? మోటరు పెట్టి కడిగి పూజ చేసినం. గా గొట్టంల కందిరీగలు మట్టిగూడు పెట్టినయ్. తీగ పెట్టి మొత్తం గుంజిన. ఇగ జామ్ కాదు."

శీను అక్కడే కూలబడ్డాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. వాణ్ణి కాపాడే ఒక్కగానొక్క సాక్ష్యాన్ని భక్తిగా కడిగేశారు మహానుభావులు!

పదకొండింటికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. దండ చూసి పెద్దాయన మొహం ఎర్రబడింది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని? కేసు పెట్టి లోపలేయిస్తా!" అని అరిచాడు. మొక్కడానికొచ్చిన జనమంతా కాలికి బుద్ధి చెప్పారు. కానిస్టేబులు మూతి తుడుచుకున్నాడు. ముత్తయ్య భార్య నాగమ్మ మొగుడి చొక్కా పట్టి లాగి, "నోరు మూసుకో, మనకెందుకు" అంది.

ఆఫీసరు గొట్టంలోకి లైటు వేసి చూశాడు. "శుభ్రంగానే ఉంది. పైలట్‌దే తప్పు."

ముత్తయ్య చొక్కా విడిపించుకున్నాడు. ఆఫీసరు ముందుకొచ్చి నిలబడ్డాడు. "నేనే ముట్టుకున్న సార్. గూడు తీసింది నేనే. పిలగానిది తప్పు లేదు. కేసు నా మీద రాయుండ్రి."

ఆ మాటే కాగితం మీద రాయించి సంతకం చేయించుకున్నారు.

సాయంత్రం నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. వీడి లైసెన్సు సంగతీ, ఆయన మీద కేసు సంగతీ పై ఆఫీసే తేల్చాలి. ముత్తయ్య చేను కొంత విమానం కింద పోయింది, కొంత మొక్కేవాళ్ళ కాళ్ళ కింద పోయింది. అయినా మమ్మల్ని నష్టం అడగలేదు. బస్సెక్కేటప్పుడు "చెయ్యి గుంజుతుందా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. శీను దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మీరూ ఆ విమానం చూడాలనుకుంటే వెళ్ళండి గానీ, దయచేసి గట్టు దిగకండి. మిగిలిన పత్తినైనా ఆయన్ని ఏరుకోనివ్వండి.