ఎడమ అద్దం

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. "చీటీలో ఉండేట్లే ఉండాదన్నా." మూడే మాటలు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు చిన్నా చితకా పాపాలన్నీ ఏకరువు పెట్టి, దీని దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేసి లేచిపోయేదాన్ని. దేవుడిని కూడా తప్పించుకు తిరిగిన మనిషిని మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. రేపు బజార్లో ఎదురుపడి నా ముఖంలోకి చూడరు కాబట్టి.

నేను కళ్ళద్దాలు బిగించే మనిషిని. ఇప్పుడు హిందూపురంలో చిన్న సొంత షాపు ఉంది. అప్పట్లో పెనుకొండలో రైలెక్కి, రోజూ ధర్మవరం వెళ్ళి ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదాన్ని. డిప్లొమా కాగితం పట్టుకుని చేరిన మొదటి వారం, ఓనర్ బావమరిది నన్ను కౌంటర్ దగ్గర కూర్చోమన్నాడు. అప్పటిదాకా అద్దాలు కోసే పని ఆయనదే. ఆడపిల్లకు మిషన్ అప్పజెబితే అద్దమూ పోతుంది, వేలూ పోతుందని అందరి ముందూ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే పని నేర్చుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి మిషన్ నా చేతికి వచ్చింది. నేను చేసిన జత ఒక్కటీ వాపసు రాలేదు. మా పాప చేసిన అద్దాలు తప్పు పోవని ఓనర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట వినడానికే పొద్దున్నే రైలెక్కేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

ఆ రోజుల్లో వచ్చాడు ఓబులేసన్న. అసలు పేరు ఇది కాదు. పట్టుచీరలు నేసే మనిషి, ఇంట్లోనే మగ్గం. నలభై ఐదు దాటాయి, దగ్గరి చూపు తగ్గింది. దానికి తోడు ఎడమ కంటికి సిలిండర్ పవర్ ఉందని కంటి క్యాంపులో డాక్టరు చీటీ రాసిచ్చాడు. ముక్కు కొలత తీసుకున్నాను, చెవుల కొలత తీసుకున్నాను. ప్రతి మనిషికీ ఒక చెవి రెండో దానికన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. ఎవరికీ ఆ సంగతి తెలియదు, మాకు తప్ప. ఓబులేసన్నకు కుడి చెవి ఎత్తు. మగ్గం ముందు కూర్చుంటే బట్ట ఎంత దూరంలో ఉంటుందో చేయి చాచి చూపించమన్నాను. ఆయన గాల్లోనే మగ్గం మీద కూర్చున్నట్టు వంగి చూపించాడు. అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు లేరని మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

సిలిండర్ అద్దం మామూలు అద్దంలా కాదు. దాన్ని ఫ్రేములో ఎలా పడితే అలా తిప్పి పెడితే కుదరదు. ఫలానా కోణంలోనే కూర్చోవాలని చీటీలో ఒక అంకె ఉంటుంది. ఆయనకు ముప్పై. అద్దాన్ని పవర్ చూసే మిషన్లో పెట్టి, ఆ కోణం చూసుకుని చుక్కలు పెట్టి, చుక్కల ప్రకారం కోస్తాం. ఆ రోజు నేను అద్దాన్ని బోర్లా పెట్టి చుక్కలు పెట్టాను. బోర్లా పెడితే ముప్పై కాస్తా అవతలి పక్క నూట యాభై అవుతుంది. ఆ కోణంలో అద్దం కూర్చుంటే చూపు మసకబారుతుంది, నిటారుగా ఉన్న గీత ఒరిగి కనిపిస్తుంది. కోసేశాను. బిగించేశాను. ఆఖరున మళ్ళీ మిషన్లో పెట్టి సరిచూసుకోవాలి. ప్రతిసారీ చూసేదాన్ని. ఆ రోజు చూడలేదు. ఎందుకు చూడలేదు? తొందర అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. తొందర కాదు. నేను చేస్తే తప్పు పోదనే మాట వినీ వినీ నేనే నమ్మేశాను.

ఇక్కడి దాకా పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు, దానికి పదకొండేళ్ళు కుమిలిపోనక్కరలేదు.

నాలుగు రోజులకే ఆయన తిరిగొచ్చాడు. మగ్గం మీద పోగులు వాలిపోయి కనిపిస్తున్నాయన్నాడు. కొత్త అద్దాలు పెట్టుకున్న వాళ్ళు సగం మంది ఇలాగే అంటారు. వాళ్ళకు మేం చెప్పే మాటా ఒకటే, వారం ఓర్చుకోండి, అలవాటవుతుంది అని. చాలామందికి అది నిజం కూడా. ఆ నిజాన్నే ఆయనకూ ఇచ్చి పంపాను. జోడును గాజు పలక మీద బోర్లించి, కాడలు రెండూ సమానంగా ఆనుతున్నాయో లేదో చూశాను. వేడి చేసి కుడి కాడ కొంచెం వంచాను. ముక్కు దగ్గర బొడిపెలు సర్దాను. ఆయన సంతోషంగా వెళ్ళాడు. అప్పటికి నాకు నిజంగా తెలియదు, నమ్మండి. ఈ ఒక్క విషయంలో నమ్మితే చాలు.

మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పాత చీటీ ఉంది. ముఖం పీక్కుపోయింది.

"తల పగిలిపోతాండాది పాపా. తెగిన పోగు ఒకటైతే నేను అతికేది ఇంకోటి. చీర పొడుగునా గీత పడిందని పట్టు ఇచ్చే షావుకారు ఎనక్కి కొట్టినాడు. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయింటి. చీటీ సరింగానే రాసినా, షాపులో చూపించుకో అన్నాడు. ఇది చీటీలో ఉండేట్లే ఉండాదేమో చూడు."

జోడు తీసుకుని పవర్ చూసే మిషన్లో పెట్టాను. కుడి అద్దం సరిగ్గా ఉంది. ఎడమది పెట్టాను. చక్రం తిప్పాను. ముప్పై దగ్గర మిషన్ లోపల కనిపించే గీతలు చెదిరిపోయాయి. తిప్పుతూ పోయాను. నూట యాభై దగ్గర స్పష్టంగా నిలబడ్డాయి.

కన్ను మిషన్ మీద నుంచి ఎత్తలేదు. వెనక ఓనర్ బావమరిది ఎవరికో ఫ్రేములు చూపిస్తున్నాడు. తప్పని ఒప్పుకుంటే కొత్త అద్దం బెంగళూరు నుంచి తెప్పించాలి. తెప్పించాలంటే ఓనర్‌కు చెప్పాలి. చెబితే ఆయన ఏమీ అనడు, ఆ బావమరిది నవ్వుతాడు. నా కళ్ళ ముందు ఆ సమయంలో ఉన్నది ఓబులేసన్న తలనొప్పి కాదు, ఆ నవ్వు. ఒక్క నవ్వు ఓర్చుకోలేక ఒక మనిషి బతుకును పణం పెట్టాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. అయితే గొడ్డలి పడింది నా మీద కాదు.

"చీటీలో ఉండేట్లే ఉండాదన్నా," అన్నాను.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అట్లయితే నా కండ్లదే లోపం. నీ చేతి అద్దాలు తప్పు పోవంట గదా. ఊరికే నిన్ను అనుమానిస్తి పాపా, ఏమనుకోవాకు."

నన్నే క్షమించమని అడిగి వెళ్ళాడు. దొంగకు తేలు కుట్టినట్టే అయింది. తలొంచుకుని తర్వాతి జత అందుకున్నాను.

ఇంకో అద్దం నా డబ్బుతోనే తెప్పించి, కాడ వదులైందని పిలిచి మార్చేసి ఉండొచ్చు కదా? ఎవరికీ తెలిసేది కాదు. ఆలోచించాను కూడా. ఈ వారం, వచ్చే వారం అనుకున్నాను. ఆయన మళ్ళీ రాలేదు. రాకపోతే హాయిగా ఉండింది. ఆ హాయి ఉంది చూశారా, అబద్ధం కన్నా దానికే ఎక్కువ సిగ్గుపడతాను.

ఏడాది గడిచాక ఆయన భార్య ఎవరికో తోడుగా షాపుకు వచ్చింది. ఇంకో రెండు చీరలు చెడ్డాయట. షావుకారు పట్టు ఇవ్వడం మానేశాడట. కళ్ళు పోయిన వాడికి మగ్గం ఎందుకని ఆయనే దాన్ని విప్పించి అమ్మేసి, హిందూపురం దగ్గర ఒక కంపెనీలో వాచ్‌మన్‌గా చేరాడట. ఆమె ఏడవలేదు, మామూలుగానే చెప్పింది. మా అత్తకు కూడా చూపు ఇట్లే పోయింది, వంశంలో ఉండాది అనింది. ఆ సాయంత్రం రైల్లో పెనుకొండ స్టేషన్ దాటిపోయి, తర్వాతి స్టేషన్‌లో దిగాను.

ఆ తర్వాత కొన్ని నెలలకే ఆ షాపు మానేశాను. పెళ్ళి, హిందూపురం, సొంత షాపు. ఇప్పుడు ప్రతి జతనూ మూడుసార్లు సరిచూస్తాను. జాగ్రత్త గల మనిషినని జనం అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

పోయిన నెల ఆయన నా షాపుకు వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు, ధర్మవరం పాపవి కదా అని సంబరపడ్డాడు. డిగ్రీ చదివే కూతుర్ని వెంట తెచ్చాడు. ఆమెకు తలనొప్పి వస్తోందట. వంశపు లోపం బిడ్డకు కూడా వచ్చిందని ఆయన భయం. పరీక్ష చేశాను. ఆ పిల్ల కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మాటల్లో ఆ పిల్ల చెప్పింది, తనకు నేత నేర్చుకోవాలని ఉండేదట, మన కళ్ళకు మగ్గం పడదని వాళ్ళ నాయన దగ్గరికే రానివ్వలేదట. ఇప్పుడింక ఎవరు నేర్పిస్తారులే అని నవ్వేసింది.

ఆయన కళ్ళు కూడా చూస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఏళ్ళ తరబడి ఆయన అద్దాలే పెట్టుకోలేదు. దగ్గరి పవర్ కాస్త పెరిగింది. ఎడమ కంటికి అదే సిలిండర్. పరీక్ష ఫ్రేములో పెట్టి ముప్పై మీద నిలిపాను. సన్నటి గీతల కార్డు చేతికిచ్చాను. దాన్ని ఆయన చాలాసేపు చూశాడు. దగ్గరికి, దూరానికి జరిపి చూశాడు. వేలితో ఒక్కో గీతా తడిమాడు.

"చూస్తివా పాపా," అన్నాడు. "అప్పుడు అద్దం పెట్టినా గీతలు వాలిపోతాండె, ఇప్పుడు నిటారుగా ఉండాయి. నా కండ్లు వాటంతటవే బాగైనాయి."

అప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగా ఆయన ఉన్నాడు, కూతురు ఉంది, అడ్డం ఎవరూ లేరు. నవ్వే బావమరిది లేడు, షాపు నాదే. నోరు తెరిచాను. అద్దాలు రేపు ఇస్తానని చెప్పాను. ఇచ్చాను కూడా. డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు, నా మంచితనానికి దండం పెట్టి వెళ్ళాడు.

చెబితే ఆయనకేం మిగులుతుంది అని ఒక మనసు అంటుంది. కళ్ళు బాగయ్యాయన్న సంతోషం ఎందుకు పాడుచేయాలి అంటుంది. ఆ మనసును నేను నమ్మను. పదకొండేళ్ళ కిందట మిషన్ ముందు కూర్చుని నాకు సలహా ఇచ్చింది అదే.

ఎడమ అద్దాన్ని తప్పుగా కోసింది నేను. తప్పని కళ్ళారా చూసి, సరిగ్గా ఉందని చెప్పింది నేను. ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ పైకి అనలేదు, ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాక గుండెను అదిమిన చేయి ఎవరో తీసినట్టుంది. ఈ తేలిక నాకు మాత్రమే. ఆయనకు ఇంకా తెలియదు.